ఈ చిడియా ఎంత, అబ్బా?

మా చిన్నదానికి ఎనిమిదేళ్లు. మొన్న ఇత్వార్ పొద్దున నా ఫోన్ లాక్కుని కార్టూన్లు చూస్తూ చూస్తూ ఒక పరిందా ఫొటో దగ్గర ఆగిపోయింది. వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ నా ముక్కు ముందు పెట్టి అడిగింది: "అబ్బా, యే చిడియా కిత్తే కీ?"

ఇదేంటి అని అడగలేదు. ఎక్కడుంటుంది, ఏం తింటుంది అనీ అడగలేదు. ఎంత అని అడిగింది. తప్పు దానిది కాదు. దాని ఎనిమిదేళ్ల జిందగీలో రంగురంగుల పిట్టను దగ్గరగా చూసిందంటే పింజ్రాలోనే. మా ఖాందాన్‌లో పరిందాల షౌక్ మూడు తరాల నుంచి ఉంది. షౌక్ అంటే మా వాళ్లకు కొనుక్కురావడమే.

"అది అమ్మరు బేటా" అన్నాను. "క్యూఁ?" అంది. ఆ ఒక్క క్యూఁకి జవాబు చెబుదామని కూర్చుంటే ఇంత పొడుగు రాత అయింది. దీన్నిబట్టి మా ఇంట్లో ఒక ఝగ్డా కూడా నడుస్తోంది. అది తర్వాత చెప్తాను, ముందు పిట్ట సంగతి.

దాని పేరు బుగున్ లియోసిక్లా. నోరు తిరగని పేరే, ఒప్పుకుంటాను. అరుణాచల్ ప్రదేశ్ పడమటి కొసన వెస్ట్ కామెంగ్ జిల్లాలో ఈగల్‌నెస్ట్ అని ఒక అభయారణ్యం ఉంది. 218 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు ఆ కొండల్లో మకాం వేసిన ఫౌజ్ దళం గుర్తు ఎర్ర గద్ద, అలా ఆ అడవికి గద్దగూడు అని పేరు పడింది. ఆ అడవి అంచున, సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైన, ఈ పరిందా ఉంటుంది. దీన్ని ఖాయంగా చూసిందంటూ ఉంటే ఆ కొండల్లోనే.

ఆ జంగల్ ఎలా ఉంటుందో మన మైదానాల వాళ్లకు ఊహించడం కొంచెం కష్టమే. బంగాళాఖాతం నుంచి లేచిన మబ్బు బ్రహ్మపుత్ర మైదానం దాటి, హిమాలయాల మొదటి గోడకు కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. మనకు మబ్బు అంటే తలెత్తి చూసేది. అక్కడ మబ్బు చెట్ల మధ్య నడుస్తుంది. కొమ్మ కొమ్మకూ నాచు, నాచు మీద ఫెర్న్ మొక్కలు, ఆకుల చివర్ల నుంచి వాన లేకున్నా నీళ్ల చుక్కలు. పది అడుగుల అవతల ఏముందో కనబడదు. అలాంటి చోట పిట్టను వెతకడమంటే ముందు చెవులతో వెతకాలి. ఈగల్‌నెస్ట్ ఇలాకాలో నాలుగు వందల యాభైకి పైగా పక్షి జాతులున్నాయి.

ఇక మన పిట్ట. సైజు ఇంచుమించు మన బుల్‌బుల్ అంత. ఒళ్లంతా ఆలివ్ రంగు కలిసిన బూడిద. నెత్తిన నల్ల టోపీ. కంటి ముందు నారింజ కలిసిన పసుపు మరక, ఎవరో సుర్మా బదులు హల్దీ పెట్టినట్టు. రెక్క మడిచినప్పుడు పసుపు, ఎరుపు, తెలుపు మూడూ పక్కపక్కనే కనబడతాయి. తోక నలుపు, తోక కొసలు ఎరుపు. కొన్నిటికి ఆ ఎరుపు బదులు పసుపు ఉంటుంది, అవి ఆడవి కావచ్చని అంటారు. పాట బాఁసురీలా మెల్లగా జారే పాట. నేను కళ్లారా చూడలేదు, చూస్తానన్న ఉమ్మీద్ కూడా పెద్దగా లేదు. ఫొటో చూశాను, రికార్డు చేసిన ఆవాజ్ విన్నాను. దీని మీద రాయడానికి నాకున్న హక్ అంతే.

దీన్ని లోకానికి చెప్పిన ఆదమీ పక్షుల ప్రొఫెసర్ కాదు. రమణ ఆత్రేయ అని ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు, అప్పట్లో పుణెలోని రేడియో ఖగోళ పరిశోధన కేంద్రంలో నౌకరీ. ఆకాశం కోసం యంత్రాల ముందు కూర్చునే మనిషి, ఛుట్టీ దొరికితే అడవుల్లో పిట్టల కోసం తిరిగేవాడు. 1995 జనవరిలో ఈగల్‌నెస్ట్‌లో ఒక పిట్ట కనబడింది. ఏ కితాబులోనూ అలాంటిది లేదు. దానికి దగ్గరి పోలిక ఉన్న పరిందా ఒకటి చైనాలో, సిచువాన్‌లోని ఎమెయ్ కొండ వైపు ఉంటుంది. మధ్య దూరం వెయ్యి కిలోమీటర్ల పైన. దాని చుట్టం ఇక్కడ ఏం చేస్తున్నట్టు?

ఈ రోజుల్లో మనమైతే ఏం చేస్తాం? సాయంత్రానికల్లా స్టేటస్ పెడతాం. ఆయన చూసింది క్షణమాత్రం, సుబూత్ లేదు, కాబట్టి ఆగాడు. మళ్లీ కనబడింది 2005 జనవరిలో. పదేళ్లు. సబ్ర్ మీద మనం తక్రీర్లు చాలా వింటాం. ఒక పిట్ట తోక రంగు ఖాయం చేసుకోవడానికి ఒక మనిషి పదేళ్లు నోరు కట్టుకున్నాడన్నది నాకు ఏ తక్రీర్ కన్నా ఎక్కువ పట్టింది.

2006లో సన్నటి వలలో పిట్ట పడింది. ఇక్కడ వస్తుంది అసలు మసలా.

కొత్త జాతి దొరికిందని చెప్పాలంటే సైన్సు లోకంలో పాత రివాజ్ ఒకటుంది. ఆ పిట్టను చంపి, చర్మం వలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టి మ్యూజియం డ్రాయరులో పడుకోబెట్టాలి. అది నమూనా. రేపు ఎవరికైనా షక్ వస్తే డ్రాయరు లాగి చూసుకోవచ్చు. ఆ రివాజ్ ప్రకారం ఆత్రేయ చేతిలో ఉన్న పిట్ట చచ్చిపోవాలి. ఆయన చంపలేదు. కొలతలు తీశాడు, ఫొటోలు తీశాడు, కొన్ని ఈకలు ఉంచుకున్నాడు, పాట రికార్డు చేశాడు, వదిలేశాడు. అప్పటికి ఆ కొండల్లో లెక్కకు వచ్చినవి మొత్తం పద్నాలుగు పిట్టలే. పద్నాలుగులో ఒకటి తీసేస్తే పదమూడు. ఆ లెక్కకు శాస్త్రజ్ఞుడే కానక్కర్లేదు, మా చిన్నది కూడా చేస్తుంది.

ఆ వివరాలు అచ్చయిన చోటు తెలిస్తే మీకూ ముచ్చటేస్తుంది. లండన్ కాదు, న్యూయార్క్ కాదు. 'ఇండియన్ బర్డ్స్' అనే పత్రిక, మన హైదరాబాద్ నుంచే వెలువడేది, ఆశీష్ పిట్టీ గారి సంపాదకత్వంలో. 2006లో అందులో వచ్చిన వ్యాసంతోనే ఆ పిట్టకు దునియాలో ఒక పేరు, ఒక జగా దొరికాయి. మనం చార్మినార్ దగ్గర పింజ్రాల బేరం ఆడుతున్న ఊరి నుంచే ఆ ఖబర్ బయటికెళ్లింది.

పిట్టను చంపకపోవడం మంచి పనే కదా, అందులో వాదన ఏముంది అనిపించొచ్చు. ఉంది. పెద్ద వాదనే ఉంది, అవతలి పక్షం వాళ్లూ బేవకూఫ్‌లు కాదు. వాళ్ల దలీల్ ఇన్సాఫ్‌గా చెప్పాలి.

1980ల చివర్లో సోమాలియాలోని బులో బుర్టి అనే పట్నంలో, ఒక ఆస్పత్రి ఆవరణలో ఒక వింత పిట్ట కనబడింది. ఒక్కటే. దాన్ని పట్టి, పెంచి, రక్తం, ఈకలు తీసుకుని చివరికి వదిలేశారు. 1991లో కొత్త జాతి అని ప్రకటించి, లాటిన్‌లో 'విడుదలైనది' అని అర్థం వచ్చేలా పేరు పెట్టారు. చంపకుండా పేరు పెట్టిన పిట్ట అని చాలామంది మెచ్చుకున్నారు. 2008లో డీఎన్‌ఏ పరీక్షల్లో తేలిందేమిటంటే, అది కొత్త జాతే కాదు, అక్కడే ఉండే మరో పిట్టకు వేరే రంగు. చూశారా, వదిలేస్తే ఇలాగే అవుతుంది అన్నారు పాత రివాజ్ వాళ్లు.

నేను ఆ కథను తిప్పి చదువుతాను. ఆ గల్తీ ఎలా దొరికింది? దాచిపెట్టిన రక్తం, ఈకల వల్లే దొరికింది. చచ్చిన పిట్ట అవసరం రాలేదు. గల్తీ చేసింది శాస్త్రం, దిద్దుకుంది శాస్త్రం, మధ్యలో ఒక పరిందా బతికి ఎగిరిపోయింది. ఇందులో నుక్సాన్ ఎవరికి?

అలాగని పాత డ్రాయర్లను తిట్టడానికి నాకు నోరు రాదు. ఎందుకంటే ఆ డ్రాయర్లు నింపిన వాళ్లలో మన సలీం అలీ సాబ్ ఉన్నారు. పిల్లలకు సలీం అలీ పేరు చెప్పని ముస్లిం ఇల్లు ఉందంటే నాకు బాధే. 1896లో పుట్టిన మనిషి, చిన్నప్పుడే యతీమ్ అయ్యి మామూ అమీరుద్దీన్ త్యాబ్జీ దగ్గర బొంబాయిలో పెరిగారు. మామూ ఇచ్చిన గాలి తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. చూస్తే గొంతు దగ్గర పసుపు మరక. మామూలు పిచ్చుక కాదే, దీన్ని తినొచ్చా తినకూడదా అన్న షక్‌తో మామూ దగ్గరికి పట్టుకెళ్లారు. మామూకూ తెలియక బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీలో మిల్లర్డ్ అనే దొర దగ్గరికి పంపారు. ఆయన పిట్ట పేరు చెప్పి, అల్మారాల నిండా ఉన్న నమూనాలు చూపించారు. హిందుస్తాన్ పక్షుల ఇల్మ్‌లో సగం ఆ ఒక్క సవాల్ నుంచి పుట్టిందంటే ముబాలఘా అనుకోకండి. 1931, 32ల్లో నిజాం రియాసత్ అంతా తిరిగి మన పక్షుల లెక్క రాసింది కూడా ఆయనే, బేగం తెహ్మీనాను వెంటబెట్టుకుని.

సలీం అలీ సాబ్ కూడా పిట్టలను కొట్టారు. ఆ జమానాలో దుర్బీన్లు మందం, కెమెరాలు గుడ్డివి, ఆవాజ్ పట్టే యంత్రాలు చేతికి అందేవి కావు. చేతిలోకి తీసుకోకుండా తెలుసుకునే దారి లేదు. 1947 జనవరిలో, రిప్లీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడితో కలిసి ఆయన ఇదే అరుణాచల్ తూర్పు వైపు మిష్మీ కొండల్లో ఒక చిన్న పిట్టను సంపాదించారు. మరుసటి ఏడాది రిప్లీ దానికి కొత్త జాతిగా పేరు పెట్టారు. ఆ తర్వాత 2004 దాకా దాన్ని మళ్లీ ఎవరూ చూడలేదు. అంటే యాభై ఏడేళ్లు మనుషుల దగ్గర ఆ పిట్ట చర్మం ఉంది, పాట లేదు. గొంతు దగ్గర రంగేమిటో తెలుసు, ఆ గొంతులోంచి ఏం వస్తుందో తెలియదు.

బుగున్ పిట్టకు దీనికి ఉల్టా జరిగింది. దాని చర్మం ఏ డ్రాయరులోనూ లేదు. దాని పాట ఉంది. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను పాటనే ఎంచుకుంటాను. దుర్బీన్, కెమెరా, రికార్డరు చేతికొచ్చిన జమానాలో కూడా పద్నాలుగులో ఒకదాన్ని చంపి తీరాలనడం ఇల్మ్ కాదు, ఆదత్.

ఇంకో మాట. 2016లో అదే పశ్చిమ అరుణాచల్ వైపు ఎత్తు కొండల్లో పాట తేడాను బట్టి గుర్తుపట్టిన ఒక కొత్త జాతి పిట్టకు సలీం అలీ పేరు పెట్టారు. ఆ తేడాను ఖాయం చేయడానికి మ్యూజియంలలోని పాత నమూనాలు కూడా తీసి చూశారు. అందుకే డ్రాయర్లను తిట్టలేనన్నాను. ఉన్నవాటిని అమానత్‌లా కాపాడుకుందాం. ఆఖరి పద్నాలుగింటి దగ్గరికి మాత్రం కత్తితో వెళ్లొద్దు.

ఆత్రేయ ఎందుకు చంపలేదన్నదానికి నాకొక ఖయాల్ ఉంది, ఆయన చెప్పింది కాదు, నాదే. నక్షత్రాలు చూసేవాడికి ఒక అలవాటు ఉంటుంది. తారను ఎవడూ ఇంటికి తెచ్చుకోలేడు. జిందగీ అంతా దూరం నుంచే తెలుసుకోవాలి. అందిన దాన్ని కూడా దూరంగానే ఉంచి చూడగలగడం అలాంటివాడికి సులువేమో.

మాకు ఆ అలవాటు లేదు. మాకు చేతిలోకి రావాలి.

నా బచ్‌పన్‌లో అబ్బా ఒకసారి నల్లగొండ సంతలో మునియాలు కొన్నారు. నాలుగు. ఆకుపచ్చ ఒంటి మీద గులాబీ రెక్కలు. అంత ఖూబ్‌సూరత్ పిట్టలను నేను అదే మొదటిసారి చూడటం. ఆ రాత్రి నిద్రపోలేదు నేను. అమ్మీ గిన్నెలో నీళ్లు పెట్టింది. పొద్దున లేచి చూస్తే గిన్నెలో నీళ్లు ఆకుపచ్చ. పిట్టలు స్నానం చేశాయి, రంగు దిగిపోయింది. లోపల మామూలు గోధుమ రంగు, కింద తెలుపు. అమ్మినవాడు చవక మునియాలకు రంగు పూసి అమ్మాడు. ఈ ధందా ఇప్పటికీ నడుస్తోంది, మన షహర్ల సందుల్లో మీరూ చూసే ఉంటారు.

అబ్బా నవ్వారు. "ధోకా అయింది బేటా" అన్నారు. నాకు మాత్రం ఇప్పటికీ యాద్ ఉన్నది ధోకా కాదు. రంగు దిగిన తర్వాత నేను వాటి వంక చూడటం మానేశాను. దానా వేయడం మర్చిపోయేవాణ్ని. మూడు వారాల్లో మూడు పోయాయి. నాలుగోదాన్ని అమ్మీ పింజ్రా తలుపు తీసి వదిలేసింది, అది చాలాసేపు తలుపులోనే కూర్చుంది. నాకు నచ్చింది పిట్ట కాదు, రంగు. రంగు పోగానే మొహబ్బత్ పోయింది. ఇది నా గురించి నేనే ఇస్తున్న గవాహీ. షౌక్ షౌక్ అని మనం అనుకునేదాంట్లో ఎంత మొహబ్బత్, ఎంత సొమ్ము చేసుకునే ఆశ అనేది నాకు అప్పటి నుంచీ ఖటక్.

ఇక్కడ కానూన్ మాట కూడా ఒకటి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన దేశపు అడవి పక్షులను పట్టడం, అమ్మడం నేరం. లాల్ మునియా అయినా, రామచిలక అయినా. "మిఠ్ఠూ" అని పిలుస్తూ ఇళ్లలో పెంచే తోతాలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. లవ్ బర్డ్స్, బజ్రీలు పరాయి దేశపువి, పింజ్రాలోనే పుట్టి పెరిగినవి, వాటి సంగతి వేరు. మా చాచీ ఇంట్లో బజ్రీలున్నాయి. చాచా ఇంతకాలమైన తర్వాత ఆ ఇంట్లో చప్పుడంటూ ఉంటే వాటిదే. వాటి మీద నేనేమీ అనను.

మళ్లీ కొండ మీదికి వెళ్దాం. పిట్టను చంపకపోవడంతో కథ అయిపోతే నేను ఇంత రాసేవాణ్ని కాదు. దాని పేరు చూడండి. కనుక్కున్నవాడు తన పేరు పెట్టుకోలేదు, తన ఉస్తాద్ పేరు పెట్టలేదు, ఏ వజీర్ పేరూ పెట్టలేదు. బుగున్ అనేది ఒక ఖౌమ్. సింగ్‌చుంగ్ ఊరి చుట్టుపక్కల ఉండే చాలా చిన్న గిరిజన తెగ. మన ఒక్క మొహల్లాలో ఉన్నంత మంది ఉంటారేమో. పిట్ట కనబడింది అభయారణ్యం అంచున, లామా క్యాంప్ అనే చోట, బుగున్‌ల సొంత ఉమ్మడి అడవిలో. అందుకే లాటిన్ పేరులో కూడా 'బుగున్‌లది' అని రాశారు. ఒక చిన్న ఖౌమ్ పేరు దునియాలోని పక్షుల కితాబులన్నిటిలో ఎక్కింది. చిన్న ఖౌమ్‌కి పేరు విలువ ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పేరుతో కడుపు నిండదన్నది కూడా నిజం. ఆ కొండల్లో ఒకప్పుడు కలప కొట్టి అమ్మడం పెద్ద ఆమ్దనీ. 1996లో సుప్రీంకోర్టు అడవి నరకడం ఆపించినప్పుడు ఈశాన్యంలో చాలా ఇళ్ల పొయ్యి మీద దెబ్బ పడింది. వాళ్లకు అడవి కాపాడండి అని ఢిల్లీ నుంచి హుకుం చేయడం సులువు. ఆత్రేయ, ఇండీ గ్లో అనే బుగున్ పెద్ద కలిసి వేరే దారి పట్టారు. పిట్టలు చూడటానికి వచ్చే ముసాఫిర్లకు క్యాంపులు, వంట, దారి చూపే నౌజవాన్లు. వచ్చే పైసా ఊరి చేతిలోకే. చంపితే ఒక్కసారి డబ్బు, బతికితే ఏటా డబ్బు. దీన్ని లాలచ్ అని ఎవరైనా అంటే అననివ్వండి. రోజీ లేకుండా ఏ జంగల్ నిలవదు.

2017లో సింగ్‌చుంగ్ వాళ్లు తమ ఉమ్మడి అడవిలోంచి 17 చదరపు కిలోమీటర్లు ఆ పిట్ట కోసం, దాంతో పాటు ఉండే మిగతా మఖ్లూఖ్ కోసం కమ్యూనిటీ రిజర్వుగా రాసిచ్చారు. సర్కార్ లాక్కోలేదు, వాళ్లే ఇచ్చారు. ఊరి పిల్లలే అక్కడ గస్తీ తిరుగుతారు. మన మొహల్లాల్లో ఖబరస్తాన్ గోడ జరిపి నాలుగు గజాలు కలుపుకునే వాళ్లను చూసినవాణ్ని నేను. పదిహేడు చదరపు కిలోమీటర్లు వదులుకున్నారంటే నాకు మాట రాలేదు. మా సంగతి మేము రాసుకోవడంలో తప్పేముంది?

ఖతరా అయితే పోలేదు. ఈ పిట్ట 'తీవ్రంగా అంతరించే ప్రమాదంలో' ఉన్న జాబితాలో ఉంది, అంటే అడవిలో పూర్తిగా అంతరించడానికి ఒక మెట్టు ముందు. ఆ అడవి మీదుగా పెద్ద రోడ్డు తేవాలన్న ఆలోచన మళ్లీ మళ్లీ లేస్తూ ఉంటుంది. సరిహద్దు జిల్లా, ఫౌజ్‌కు రోడ్డు కావాలి, ఆ జరూరత్‌ను కొట్టిపారేయలేం. దారి ఇంకో వైపు తిప్పే వీలుంటే తిప్పండి అనేంత వరకే నా మాట. పైగా వేడి పెరిగే కొద్దీ కొండ పిట్టలు పైకి పైకి జరుగుతున్నాయి. చెట్లు నరికిన చోట అడవి లోపలి వేడి ఇంకా ఎక్కువని, అక్కడ పిట్టలు బతికే రోజులు తగ్గుతున్నాయని ఈగల్‌నెస్ట్‌లోనే పిట్టల కాళ్లకు చిన్న రింగులు వేసి వదిలి ఏళ్ల తరబడి చూసినవాళ్లు చెబుతున్నారు. కొండకు ఒక చివర ఉంటుంది. అక్కడి నుంచి పైకి జరగడానికి జగా లేదు.

ఇప్పుడు ఝగ్డా. మా చిన్నది నాతో ఆగకుండా తన బడే మామూకి ఫోన్ చేసింది. అబ్బా చిడియా కొనివ్వట్లేదని షికాయత్. మామూ దిల్‌దార్ మనిషి, అడిగితే లేదనడు. "సాల్‌గిరాకి లాల్ మునియా జోడీ తెస్తా బేటీ, పింజ్రాతో సహా" అని వాదా చేసేశాడు. నేను ఫోన్ తీసుకుని "భాయ్‌జాన్, వద్దు" అన్నాను. ఎందుకన్నాడు. కానూన్ చెప్పాను. "పిల్ల ఖుషీకి కూడా కానూనా?" అన్నాడు. బుగున్‌ల సంగతి చెప్పబోయాను, సగంలోనే ఆపేశాడు. "మీ అబ్బా పెంచలేదా? మా అబ్బా పెంచలేదా? వాళ్లందరూ గునహగార్లా?" అని పెట్టేశాడు. రెండు వారాలైంది. మా ఆవిడ అటు భాయీకి, ఇటు నాకు మధ్యలో నలుగుతోంది. "పిట్ట కోసం రిష్తా తెంపుకుంటారా" అంటోంది.

మామూ సవాల్‌కు నా దగ్గర జవాబు ఉంది. అబ్బా గునహగార్ కాదు. సలీం అలీ సాబ్ తుపాకీ లాగే అబ్బా పింజ్రా కూడా ఆ జమానాది. వాళ్లకు చూసే దారి అదొక్కటే తెలుసు. మాకు వేరే దారులు తెలిశాయి. తెలిశాక కూడా అదే చేస్తే ఆ నేరం నాదవుతుంది, అబ్బాది కాదు. ఇదంతా ఫోన్‌లో చెప్పే వీలివ్వలేదు భాయ్‌జాన్, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఇది చదువుతాడని నాకు తెలుసు.

మునియాలకు బదులు చిన్నదానికి ఒక చవక దుర్బీన్ తెచ్చాను. ఫజర్ తర్వాత ఇద్దరం మేడ మీదికి పోతున్నాం. పక్కింటి జామచెట్టు మీద బుల్‌బుల్ జోడీ ఉంది, మొదటి రోజు వాటిని ఐదు నిమిషాలు కూడా చూడలేకపోయింది, "ఇది రోజూ ఉండేదే కదా" అని కిందికి దిగిపోయింది. నాలుగో రోజు ఆ బుల్‌బుల్ తోక కింద ఎరుపు కనిపెట్టి కేకలేసింది. "బుగున్ వాలీకి తోక కొసన, దీనికి తోక కింద" అంది.

నిన్న ఆ పిట్ట బొమ్మ గీసింది. నల్ల టోపీ బాగానే పెట్టింది, కంటి దగ్గర పసుపు కూడా. రెక్కలో తెలుపు ఎలా వేయాలో తెలియక కాగితం అలాగే వదిలేసింది. తోక కొసలకు ఎర్ర క్రేయాన్ అయిపోయిందట, కొనుక్కురమ్మని నాకు చెప్పింది. కొనే దానికి ఇది నయం అనుకున్నాను. బొమ్మ ఎవరికీ చూపించకుండా కితాబులో దాచింది, సాల్‌గిరా రోజు మామూ వస్తే ఆయనకే ముందు చూపిస్తుందట. సాల్‌గిరా వచ్చే జుమ్మాకి. భాయ్‌జాన్ ఫోన్ ఇంకా రాలేదు.